విశాఖలో రోజువారీ అద్దెకిచ్చే ఫ్లాటు పెట్టుబడిగా నిలుస్తుందా? అరకు స్థలం మాటేమిటి?

ప్రశ్న – మియాపూర్ వాసి

అందరికీ నమస్కారం. నేనూ నా భార్యా హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నాము. పదకొండేళ్లుగా కూడబెట్టిన సొమ్ము 40 లక్షల రూపాయల దాకా ఉంది. దానికి 35 లక్షల బ్యాంకు రుణం కలిపి విశాఖపట్నంలో రుషికొండ వైపు రెండు పడకగదుల ఫ్లాటు ఒకటి కొని, నెలవారీ కిరాయికి కాకుండా, ఊరు చూడటానికి వచ్చేవారికి రోజుల లెక్కన ఇవ్వాలని అనుకుంటున్నాము. రుణం 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుకు తీసుకుంటే నెలకు 30,400 రూపాయల వరకు వాయిదా పడుతుంది. ఫ్లాటు చూపించిన మధ్యవర్తి మాత్రం రోజుకు 3,000 చొప్పున నెలకు 25 రోజులు నిండితే 75,000 వస్తాయని, వాయిదా పోను సగానికి పైగా చేతిలో మిగులుతుందని కాగితం మీద వేసి చూపించారు. లెక్క చూడటానికి బాగానే ఉంది గానీ, ఆ 25 రోజులు ఎక్కడి నుంచి వచ్చాయో ఆయన చెప్పలేదు.

ఇదే మధ్యవర్తి మరో దారి కూడా చూపించారు. అరకు లోయలో రోడ్డు పక్కన పాతిక సెంట్ల స్థలం ఉందట. అది ఒక గిరిజన కుటుంబానిది కాబట్టి వారి పేరు మీదే ఉంచి, మనం 30 ఏళ్లకు లీజు రాయించుకుని నాలుగు కాటేజీలు వేసుకోవచ్చని, అక్కడ అందరూ అలాగే చేస్తున్నారని అన్నారు. ఫ్లాటు కన్నా ఇది చాలా చవక. ఇక డాలస్‌లో ఉన్న మా తమ్ముడు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల వైపు ఒక ఫామ్‌హౌస్ చూశాడు. వారాంతాల్లో హైదరాబాదు నుంచి జనం బాగా వస్తారు కాబట్టి సగం సొమ్ము తాను పెడతానని, ఇద్దరి పేర్ల మీదా కొందామని అంటున్నాడు.

విశాఖ మాకు కొత్త ఊరు కాదు. చిన్నప్పుడు ప్రతి వేసవికీ ఎంవీపీ కాలనీలోని మా మేనమామ ఇంటికి వెళ్లేవాళ్లం. మామయ్య, అత్తయ్య ఇప్పటికీ అక్కడే ఉన్నారు. పై వాటా ఏడాదిగా ఖాళీగా ఉంది. అందుకే ఆ ఊరి మీద మమకారం కూడా ఈ ఆలోచనలో కలిసి ఉందని ముందే చెప్పుకుంటున్నాను. ఈ మూడింటిలో ఏది నిలుస్తుంది? రోజువారీ అద్దె నిజంగా ఎంత మిగులుస్తుంది? అనుభవం ఉన్నవారు దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

జవాబు – సాగరతీరం

నమస్కారం అండీ. మేము విశాఖలోనే ఉంటాము. ఆరేళ్లుగా రెండు ఫ్లాట్లను రోజువారీ అద్దెకు ఇస్తున్నాము. రెండూ మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్నాయి. ఈ పది నిమిషాల మాట మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ముందుగా మీ 25 రోజుల సంగతి. విశాఖకు వచ్చే జనానికి ఒక పంచాంగం ఉంది. దసరా సెలవుల్లో బెంగాలీ కుటుంబాలు వస్తాయి. వారు ఒక్కరోజు కోసం రారు, నాలుగైదు రోజులు ఉండి అరకు, బొర్రా గుహలు, కైలాసగిరి అన్నీ చూసుకుని వెళ్తారు. ఆ తరువాత కార్తీక మాసం నుంచి సంక్రాంతి దాకా అరకు, వంజంగి, లంబసింగి వెళ్లేవారు ఒక రాత్రి పోయేటప్పుడు, ఒక రాత్రి వచ్చేటప్పుడు మన దగ్గర ఆగుతారు. ఏప్రిల్, మే నెలల్లో పిల్లల సెలవులు కాబట్టి ఫర్వాలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా శని, ఆదివారాలు తప్పితే తలుపు తట్టేవారు తక్కువ. మంగళ, బుధవారాలు ఏ నెలలోనైనా మందమే. పెళ్లి ముహూర్తాలు ఉన్న వారం మాత్రం ఈ లెక్కకు లొంగదు. ఎవరూ తలచని ఇంకో వర్గం కూడా ఉంది. ఆరిలోవ హెల్త్ సిటీలోని ఆసుపత్రులకు శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చే రోగుల బంధువులు వారం పది రోజులు ఉంటారు, వంటగది ఉందా అని మొదట అడుగుతారు. వర్షాకాలంలో మా రెండో ఫ్లాటును నిలబెట్టింది వారే.

ఇప్పుడు అంకెలు. ఒక్క ఫ్లాటుకు నెల సగటు చెబుతాను. మొదటి ఏడాది నెలకు 14 రాత్రులు నిండాయి, రాత్రికి సగటున 2,600 వచ్చింది, అంటే 36,400. అందులో బుకింగ్ వేదిక రుసుము 15 శాతం లెక్కన 5,460 పోయింది. అతిథులు ఎనిమిది సార్లు మారితే ఒక్కోసారి శుభ్రం చేసే ఆమెకు 500 చొప్పున 4,000, దుప్పట్లు తువ్వాళ్ల లాండ్రీకి 2,000, కరెంటుకు 4,500, అపార్ట్‌మెంటు నిర్వహణ రుసుము 3,000, ఇంటర్‌నెట్ 800, సబ్బులు, టీ పొడి, మంచినీళ్ల క్యాన్ల వంటివాటికి 1,500, తాళాలు ఇచ్చి తీసుకునే కుర్రవాడి జీతంలో ఈ ఫ్లాటు వాటా 6,000, మరమ్మతులకు 3,000. అన్నీ కలిపితే 30,260. మిగిలింది 6,140 రూపాయలు. అదే ఫ్లాటును నెలవారీ కిరాయికి ఇచ్చి ఉంటే 18,000 వచ్చేది, నిర్వహణ రుసుము కూడా కిరాయిదారే కట్టుకునేవారు. ఆ ఏడాది చివర మా ఆవిడ పద్దుల పుస్తకం నా ముందు పెట్టి ఏమీ మాట్లాడకుండా కూర్చుంది.

ఇప్పుడు పరిస్థితి మెరుగుపడింది. 19 రాత్రులు నిండుతున్నాయి, సగటున 2,900 వస్తోంది, అంటే 55,100. ఒకసారి వచ్చినవారు మళ్లీ నేరుగా మాకే ఫోను చేస్తున్నారు కాబట్టి సగం బుకింగులకు వేదిక రుసుము లేదు. అన్ని ఖర్చులూ కలిపి 32,930 అవుతున్నాయి, 22,170 మిగులుతోంది. అంటే నెలవారీ కిరాయి కన్నా నాలుగు వేల పైచిలుకు ఎక్కువ. ఆ నాలుగు వేలకు మేమిద్దరం ఏడాదిలో 365 రోజులూ ఫోను ఎత్తుతున్నాము. దాన్ని నేను పెట్టుబడి మీద రాబడిగా రాసుకోను, మా ఇద్దరి కష్టానికి వచ్చిన కూలిగా రాసుకుంటాను. కొన్నప్పటి నుంచి ఫ్లాటు ధర పెరిగిందా అంటే పెరిగింది. అయితే అది నెలవారీ కిరాయికి ఇచ్చినా పెరిగేదే. మీ వాయిదా 30,400 అన్నారు కదా, మా ఆరో ఏటి మిగులుతో కూడా ఆ వాయిదా తీరదు. ప్రతి నెలా మీ జీతంలోంచి ఎనిమిది వేలు కలపాలి. మొదటి ఏడాది అయితే పాతిక వేలు కలపాలి.

ఇక పని ఎలా ఉంటుందో ఒక్క మధ్యాహ్నం చెబుతాను, మిగతావి అలాగే ఊహించుకోండి. పదకొండు గంటలకు ఖాళీ చేయవలసినవారు పిల్లవాడు నిద్రపోతున్నాడని పన్నెండుంపావుకు బయలుదేరుతారు. రెండింటికి కొత్తవారు వస్తారు. ఆ గంటా ముప్పావులో రెండు పడకల దుప్పట్లు, నాలుగు గలేబులు మార్చాలి, స్నానాల గదులు కడగాలి, ఫ్రిజ్‌లో వదిలేసిన సాంబారు డబ్బా తీసి పారేసి వాసన పోయేలా తుడవాలి, బీచి నుంచి పాదాలతో వచ్చిన ఇసుకను సోఫా సందుల్లోంచి బ్రష్‌తో లాగాలి. తెల్ల గలేబుకు కొబ్బరినూనె మరక ఉంటే అది ఒక్క ఉతుకుతో పోదు. అందుకే ఒక్కో పడకకు మూడు జతలు పెట్టుకోవాలి. ఒకటి పరుపు మీద, ఒకటి లాండ్రీలో, ఒకటి బీరువాలో. శుభ్రం చేసే ఆమె కూతురికి జ్వరం వచ్చి రాకపోతే ఆ పని మా ఆవిడా నేనూ చేస్తాము. పది నిమిషాల దూరం అన్నది ఇందుకే. హైదరాబాదులో కూర్చుని ఇది నడపాలంటే మీరు ఒక నిర్వహణ సంస్థకు అప్పగించాలి. నన్ను సంప్రదించిన సంస్థలు వసూలైన మొత్తంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా అడిగాయి. నా 55,100లో ఐదో వంతు అంటే 11,000 పైన. ఆ వాటా పోయాక మిగిలేది 18,000 కిరాయిని అందుకోవడం కూడా కష్టమే.

సముద్రపు గాలి గురించి హైదరాబాదు వారికి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. బాల్కనీలో పెట్టిన ఏసీ బయటి యూనిట్‌ను ఉప్పుగాలి తినేస్తుంది. ఇప్పుడున్న రెండింటిలో ఒక ఫ్లాటులో మూడో ఏడాదికే దాని రాగి గొట్టాలకు చిల్లు పడి గ్యాసు పోయింది, పట్టుకుంటే పక్కన ఉన్న రేకు పొరలు పొరలుగా చేతిలోకి వచ్చింది. కిటికీ బందులు, తలుపు గొళ్లేలు, గీజరు బిగించిన మరలు అన్నీ అంతే. సముద్రం కనబడే ఫ్లాటుకు రాత్రికి నాలుగైదు వందలు ఎక్కువ వస్తాయి, మరమ్మతులకు అంతకంత పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు తీరం వెంబడి అద్దాల కిటికీలు ఎలా పోయాయో మీ మామయ్యగారిని అడగండి, కళ్లకు కట్టినట్టు చెబుతారు.

అన్నింటికన్నా పెద్ద జాగ్రత్త ఒకటి ఉంది. కొనే ముందు ఆ అపార్ట్‌మెంటు సంఘం నియమావళి తెప్పించుకుని చదవండి. మేము ముందుగా కొన్న ఒక ఫ్లాటులో ఎనిమిది నెలలు నడిచాక, ఒక రాత్రి అతిథులు మేడ మీద పాటలు పెట్టుకున్నారని సంఘం వారు సర్వసభ్య సమావేశం పెట్టి రోజువారీ అద్దెలు కూడదని తీర్మానం చేశారు. వారి వైపు న్యాయం లేదని నేను అనను. లిఫ్టులో రోజుకో కొత్త ముఖం కనిపిస్తే పిల్లలున్న తల్లికి భయం ఉంటుంది. కానీ మేము పెట్టిన మంచాలు, పరుపులు, ఏసీలు అన్నీ అక్కడి నుంచి మోసుకుని వెళ్లవలసి వచ్చింది. ఇప్పుడున్న రెండు ఫ్లాట్లు కొనేటప్పుడు ముందుగా సంఘం కార్యదర్శిని కలిసి, లిఖితపూర్వకంగా అభ్యంతరం లేదని తీసుకున్నాకే బయానా ఇచ్చాము. పెద్దలందరి గుర్తింపు కార్డులు తీసుకుని, పేర్ల జాబితా వాచ్‌మన్ దగ్గర ఉంచుతాము. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా వారి వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. అది హోటళ్లకే అనుకుంటారు, ఇంట్లో ఒక గది ఇచ్చినా అదే నియమం.

జవాబు – పాడేరు వకీలు

నేను అరకు స్థలం గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే ఆ విషయంలో మీకు చెప్పినది తప్పు మాత్రమే కాదు, ఒక కుటుంబాన్ని భూమి నుంచి దూరం చేసే పని కూడా.

అరకు లోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, చింతపల్లి వంటి పాత విశాఖ జిల్లాలోని 11 మండలాలు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద వచ్చే షెడ్యూల్డు ప్రాంతం. 2022 ఏప్రిల్‌లో అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరు మారినంత మాత్రాన చట్టం మారలేదు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. జనం వాడుకలో దాన్నే 1/70 చట్టం అంటాము. దాని ప్రకారం ఈ ప్రాంతంలో స్థిరాస్తిని గిరిజనేతరులకు బదలాయించడం చెల్లదు. గిరిజనుడు అమ్మినా చెల్లదు, గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుల నుంచి వచ్చిందేనని చట్టం ముందుగా భావిస్తుంది, కాదని రుజువు చేసుకోవలసిన భారం అతని మీదే ఉంటుంది. దీని రాజ్యాంగబద్ధతను సుప్రీంకోర్టు 1988లోనే సమర్థించింది.

మీ మధ్యవర్తి లీజు అన్నారు కదా, అసలు కిటుకు అక్కడే ఉంది. ఈ చట్టంలో బదలాయింపు అనే మాటకు అమ్మకం ఒక్కటే అర్థం కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి, ఆస్తికి సంబంధించిన ఏ ఒప్పందమైనా ఆ మాట కిందికే వస్తుంది. అందువల్ల 30 ఏళ్ల లీజు అయినా 11 నెలల లీజు అయినా గిరిజనేతరుడి పేరు మీద రాస్తే అది కాగితమే. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లి, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గనుల కోసం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. ఆ కేసు పుట్టింది కూడా అనంతగిరి మండలం నుంచే. ఫిర్యాదు వస్తే, లేదా అధికారులే తమంతట తాము గమనిస్తే, గిరిజన సంక్షేమ విభాగపు స్పెషల్ డిప్యూటీ కలెక్టరు విచారణ జరిపి ఖాళీ చేయిస్తారు. మీరు కట్టిన కాటేజీల విలువ అడగడానికి మీ చేతిలో చెల్లే పత్రం ఒక్కటీ ఉండదు.

అక్కడ అందరూ అలాగే చేస్తున్నారు అన్న మాట కొంతవరకు నిజమే. నా దగ్గరికి వచ్చే కాగితాల్లో బినామీ ఒప్పందాలు కనబడుతూనే ఉంటాయి. ఒకసారి ఒక పెద్దాయన తన స్థలంలో పట్నం వారు కట్టిన ఏడు గదుల్లో తానే కాపలాదారుగా నెలకు ఆరు వేలకు పని చేస్తున్నానని చెప్పారు. పట్టాదారు పాసుపుస్తకం ఆయన పేరు మీదే ఉంది, అది మాత్రం పట్నం వారి బీరువాలో ఉంది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

మీకు నిజంగా అరకు మీద ప్రేమ ఉంటే దారి మూసుకుపోలేదు. ఇప్పుడు అనేక గిరిజన కుటుంబాలు తమ ఇళ్ల దగ్గరే రెండు మూడు గదులు వేసి స్వయంగా అతిథులకు ఇస్తున్నాయి. మీ విశాఖ ఫ్లాటుకు వచ్చినవారిని వారి దగ్గరికి పంపండి. గది వారిది, రాబడి వారిది, మీ అతిథికి రాగి సంకటి, బొంగు చికెన్, పెరటి కాఫీ దొరుకుతాయి. ఇందులో మీరు భూమి మీద ఏ హక్కూ తీసుకోవడం లేదు కాబట్టి ఏ చట్టమూ అడ్డు రాదు.

మరొక చిన్న మాట. మీ తమ్ముడు చూసిన అనంతగిరి వికారాబాద్ దగ్గర మూసీ పుట్టే కొండలు. మా అనంతగిరి వేరు. పేరు ఒకటే కావడంతో రెండింటినీ కలిపి రాసిన అమ్మకపు ప్రకటనలు కూడా చూశాను. కాగితాల్లో జిల్లా, మండలం చూసుకోకుండా అడుగు వేయకండి.

జవాబు – మియాపూర్ వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. అరకు ఆలోచన ఈ రాత్రే మానుకున్నాము. ఆ పెద్దాయన సంగతి చదివి నా భార్య చాలాసేపు ఊరుకుంది. సాగరతీరం గారి లెక్కలో పన్నులు కనబడలేదు. జీఎస్‌టీ నమోదు చేయించుకోవాలా? తమ్ముడి ఫామ్‌హౌస్ విషయంలో కూడా ఎవరైనా చెప్పగలరా?

జవాబు – పద్దుల పుస్తకం

నేను లెక్కలు చూసే వృత్తిలో ఉన్నాను. ముందుగా తమ్ముడుగారి విషయం, ఎందుకంటే అది ఒక్క మాటలో తేలిపోతుంది. విదేశీ మారకద్రవ్య నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు మన దేశంలో ఇళ్లు, ఫ్లాట్లు, వాణిజ్య భవనాలు కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, కొనడానికి వీలు లేదు. కాబట్టి వికారాబాద్ ఫామ్‌హౌస్‌లో ఆయన పేరు ఉండకూడదు. సొమ్ము మీకు పంపి, మీ పేరున కొని, సగం తనదే అని ఇద్దరూ నోటి మాటగా అనుకుంటే అది బినామీ లావాదేవీ అనిపించుకునే ప్రమాదం ఉంది. పైగా రేపు మీ పిల్లల కాలానికి అన్నదమ్ముల మధ్య తగవు అవుతుంది. ఆయనకు విశాఖ ఫ్లాటులో వాటా ఇవ్వడానికి మాత్రం అడ్డు లేదు. సొమ్ము బ్యాంకు ద్వారా రావాలి, దస్తావేజులో ఎవరి వాటా ఎంతో స్పష్టంగా ఉండాలి.

జీఎస్‌టీ విషయానికి వస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న బసపై పన్ను 5 శాతం, అయితే కొనుగోళ్ల మీద కట్టిన పన్నును వెనక్కి తీసుకునే వీలు లేదు. మీ వార్షిక వసూళ్లు 20 లక్షలు దాటకపోతే నమోదు అక్కర్లేదు. బుకింగ్ వేదిక ద్వారా వచ్చిన అతిథుల పన్నును ఆ వేదికే వసూలు చేసి కడుతుంది. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటి ఉంది. 20 లక్షలు అంటే ఈ ఒక్క ఫ్లాటు వసూలు అని కాదు, మీ పాన్ మీద జరిగే అమ్మకాలు, సేవలు, కిరాయిల వసూళ్లన్నీ కలిపి. మీకు హైదరాబాదులో దుకాణం కిరాయి వస్తుంటే అదీ కలుస్తుంది, నివాసానికి ఇచ్చిన ఇంటి కిరాయికి పన్ను మినహాయింపు ఉన్నా ఈ లెక్కలోకి అదీ వస్తుంది.

ఆదాయపు పన్నులో కూడా ఒక మెలిక ఉంది. నెలవారీ కిరాయి అయితే ఇంటి ఆస్తి ఆదాయంగా చూపి, అందులో 30 శాతం ఏ రసీదూ లేకుండా తగ్గించుకోవచ్చు. దుప్పట్లు మార్చి, శుభ్రం చేసి, రోజుల లెక్కన ఇస్తున్నప్పుడు అది సాధారణంగా వ్యాపార ఆదాయం అవుతుంది. అప్పుడు ఆ 30 శాతం పోతుంది, దానికి బదులు జీతాలు, కరెంటు, మరమ్మతులు, తరుగుదల (ఆస్తి పాతబడే కొద్దీ తగ్గే విలువ) అన్నీ ఖర్చుగా రాసుకోవచ్చు. రుణం మీద వడ్డీని రెండు దారుల్లోనూ తగ్గించుకోవచ్చు.  కానీ భవనంపై తరుగుదల రాసుకున్న ఆస్తిని పదేళ్ల తరువాత అమ్మినా ఆ లాభాన్ని స్వల్పకాలిక లాభంగానే లెక్కిస్తారు. కొనేటప్పుడు ఇది ఎవరికీ గుర్తుకు రాదు. బుకింగ్ వేదికలు 2024 అక్టోబరు నుంచి 0.1 శాతం మూలంలో పన్ను కోస్తున్నాయి, వ్యక్తులకు ఏడాదిలో ఆ వేదిక ద్వారా వచ్చేది 5 లక్షలు దాటకుండా, పాన్ ఇచ్చి ఉంటే అది కూడా ఉండదు. కోసినది మీ పన్నులో సర్దుబాటు అవుతుంది, కంగారు పడకండి.

కరెంటు మీటరు నివాస కేటగిరీలో ఉంచి వ్యాపారం చేస్తున్నట్టు తనిఖీలో తేలితే తేడాతో పాటు అపరాధ రుసుము వేస్తారు. వాణిజ్య కేటగిరీకి మార్పించుకుంటే యూనిట్ ధర ఎక్కువ. ఆస్తి పన్ను కూడా వాడకాన్ని బట్టి మారుతుంది. సాగరతీరం గారి కరెంటు పద్దులో ఇది ఉందో లేదో గానీ మీ పద్దులో మాత్రం ఉంచుకోండి.

జవాబు – వశిష్ఠ గట్టు

అందరూ ఫ్లాటు కొనాలా వద్దా అని మాట్లాడుతున్నారు గానీ, ప్రశ్నలోనే ఒక జవాబు ఉందని నాకు అనిపించింది. మేము రాజోలు దగ్గర మా అత్తవారి మండువా లోగిట్లో ఉంటాము. పిల్లలు ఊళ్లు పట్టుకుని వెళ్లాక వాడని రెండు గదులను నాలుగేళ్లుగా అతిథులకు ఇస్తున్నాము. దిండి చూడటానికి వచ్చేవారు, అంతర్వేది భీష్మ ఏకాదశి రథోత్సవానికి వచ్చేవారు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చేవారు మా ఇంట దిగుతారు. గోదావరికి వరద వచ్చే జూలై, ఆగస్టు నెలల్లో గదులు మూసే ఉంచుతాము. ఇల్లు ముందే ఉంది కాబట్టి వాయిదా లేదు, ఖాళీ నెలకు భయం లేదు. మేము పెట్టినదల్లా రెండు స్నానాల గదులు కట్టించడానికి, పరుపులకు, ఇన్వర్టరుకు అయిన ఖర్చు. అది రెండో సంక్రాంతికే తిరిగి వచ్చింది.

మీ మామయ్యగారి పై వాటా ఏడాదిగా ఖాళీగా ఉందని మీరే రాశారు. ఎంవీపీ కాలనీ నుంచి బీచి దూరం కాదు. అత్తయ్య, మామయ్య కిందనే ఉంటారు. యజమాని కుటుంబం అక్కడే నివసిస్తూ ఒకటి నుంచి ఆరు గదుల వరకు ఇస్తే, కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో సిల్వర్, గోల్డ్ అనే రెండు తరగతుల్లో గుర్తింపు కూడా ఇస్తుంది. సొంత ఇల్లు కాబట్టి అపార్ట్‌మెంటు సంఘం బెడద ఉండదు. మీ 40 లక్షలు కదలనివ్వకండి. వారు ఒప్పుకుంటే లక్షో లక్షన్నరో పెట్టి ఆ వాటాను సిద్ధం చేసి, దసరా నుంచి సంక్రాంతి దాకా నడిపి చూడండి. ఆ రోజుల పద్దు మీ సొంత పద్దు అవుతుంది.

అయితే ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. పెద్దవాళ్ల చేత ఈ పని చేయించకూడదు. ఇంటికి వచ్చినవారిని పలకరించకుండా ఉండలేని తరం వారిది. మా అత్తగారు అర్ధరాత్రి దిగిన అతిథులకు కూడా లేచి అన్నం వండబోయేవారు. ఆవిడకు డెబ్బై ఆరేళ్లు. వద్దంటే ఇంటికి వచ్చినవాళ్లు పస్తు పడుకుంటారా అని కోప్పడేవారు. చివరికి మేమే రాత్రి తొమ్మిది దాటాక కొత్తవారిని దింపుకోకూడదని నియమం పెట్టుకున్నాము. మీరు కూడా మీ అత్తయ్యగారి మోకాళ్లను, మామయ్యగారి మధ్యాహ్నపు నిద్రను లెక్కలో వేసుకుని, శుభ్రం చేయడానికి, తాళం ఇవ్వడానికి జీతం ఇచ్చి ఒక మనిషిని పెట్టాకే మొదలుపెట్టండి. రాబడిలో వారి వాటా ఎంతో ముందే మాట్లాడుకోండి. బంధువుల దగ్గర సొమ్ము మాట ఎత్తడం మొహమాటంగానే ఉంటుంది, ఎత్తకపోతే ఆరు నెలల తరువాత అంతకన్నా ఇబ్బంది అవుతుంది.

జవాబు – మియాపూర్ వాసి

నిన్న సాయంత్రం మామయ్యతో మాట్లాడాను. ముందు అద్దె తీసుకుని పరాయివాళ్లను ఇంట్లో పెట్టుకోవడమేమిటని అన్నారు. అత్తయ్య ఫోను తీసుకుని, ఖాళీ గదుల్లో దీపం పెట్టినట్టు ఉంటుంది, రమ్మనరా అన్నది. వచ్చిన మొత్తంలో ఖర్చులు పోను సగం వారికి, సగం మాకు అని, వంట మాత్రం అత్తయ్య చేయకూడదని మాట అయింది. ఆ చివరి షరతుకు ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. పై వాటాకు వేరే మెట్లు ఉన్నాయి, రెండు గదులు, ఒక హాలు. తమ్ముడికి ఫామ్‌హౌస్ సంగతి చెప్పాను, అర్థం చేసుకున్నాడు. ఫ్లాటు మధ్యవర్తికి సంక్రాంతి తరువాత చూద్దామని చెప్పి, బయానా ఇవ్వకుండా ఊరుకున్నాము.

సాగరతీరం గారూ, రెండు పడకలకు మూడు జతల చొప్పున దుప్పట్లు కొనడానికి ఈ ఆదివారం వెళ్తున్నాము. తెల్లవే తీసుకోవాలా, మరక కనబడని రంగువి తీసుకోవాలా?

జవాబు – సాగరతీరం

తెల్లవే తీసుకోండి అండీ. రంగు దుప్పటి మీద మరక మీకు కనబడదు గానీ, పడుకోబోయేవారు అది ఉతికినదో కాదో అని అనుమానపడతారు. తెల్లనిది అయితే నలుగురి ఎదుట నిజం చెబుతుంది. మందపాటి నూలువి తీసుకోండి, పాలిస్టర్ కలిసినవి విశాఖ ఉక్కపోతలో ఒంటికి అంటుకుంటాయి. కొబ్బరినూనె మరకను నానబెట్టే ముందు పొడిగా ఉన్నప్పుడే గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి వేలితో రుద్ది, పావుగంట ఆగి వేడినీళ్లలో వేయండి. తువ్వాళ్లు మాత్రం లెక్కకు రెండు ఎక్కువ కొనండి, బీచికి పట్టుకెళ్లినవి తిరిగి రావు. మీ ఎంవీపీ కాలనీకి మా లాండ్రీ ఆయన బండి మంగళ, శుక్రవారాలు వస్తుంది, కావాలంటే ఆయన్ను మీ మామయ్యగారి ఇంటి దగ్గర ఆగమని చెబుతాను.